పెద్దపేగు గెడ్డ కాదు

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకి వచ్చి రసాల బండి దగ్గర ఆగేవాళ్ళకి ఈ మాట నచ్చదని తెలుసు, అయినా చెబుతాను: మీ పెద్దపేగుని ఎవరూ కడగక్కర్లేదు. బూడిదగుమ్మడి రసం తాగండి, గోధుమగడ్డి రసం తాగండి, కాకరకాయ రసం ముక్కు మూసుకుని తాగండి, మీ ఇష్టం, డబ్బులు మీవి. కానీ ఆ గ్లాసు చేత్తో పట్టుకుని "ఇది పొట్టంతా క్లీన్ చేసేస్తుందండీ" అని పక్కవాళ్ళకి చెప్పడం మొదలెడితే మాత్రం నాకు చిరాకొస్తుంది. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. పెద్దపేగంటే మన ఇళ్ళ వెనక పారే గెడ్డ, అంటే మురుగు కాలవ, లాంటిదని, అందులో ఏళ్ళ తరబడి మురికి పేరుకుపోతుందని, వానలకి ముందు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్ళు పూడిక తీయించినట్టు మనమూ అప్పుడప్పుడూ దాన్ని తోడించుకోవాలని.

వాట్సాప్‌లో తిరిగే మెసేజీల ప్రకారం ప్రతి మనిషి పేగు గోడలకీ కిలోల కొద్దీ పాత మలం అంటుకుని ఉంటుందట, తలనొప్పి దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా అన్నిటికీ అదే మూలమట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇది వచ్చినప్పుడు దండాలు, బొటనవేళ్ళు చాలానే పడ్డాయి. నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతాను, జీర్ణవ్యవస్థ పాఠం ఏటా చెప్పేదే, అయినా ఆ గ్రూపులో నోరెత్తలేదు. ఆ మెసేజీ పెట్టింది అసోసియేషన్ ప్రెసిడెంటు గారు, మా లిఫ్టు బాగుచేయించాల్సింది కూడా ఆయనే. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా క్లాసురూముల తప్పు కూడా కొంత ఉంది. చిన్నపేగు గురించి పిల్లలు పేజీలకి పేజీలు చదువుతారు, ఎంజైముల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పెద్దపేగు దగ్గరికి వచ్చేసరికి "నీటిని పీల్చుకోవడం, మలాన్ని నిల్వ చేయడం" అని రెండు మార్కుల జవాబు రాసేసి ముందుకెళ్ళిపోతారు. ఇలా చదువుకున్నవాళ్ళే పెద్దయ్యాక, ఒంట్లో విషాలు తీసేస్తామనే ఐదు రోజుల డిటాక్స్ ప్యాకేజీకి అడ్వాన్సు కడతారు.

సరే, ముందు అది ఎలా ఉంటుందో చూద్దాం. పొట్టలో కుడివైపు, బాగా కింద, చిన్నపేగు వచ్చి పెద్దపేగు పక్కగోడలో కలుస్తుంది. లోపలికి వెళ్ళింది సులువుగా వెనక్కి రాకుండా అక్కడొక కవాటం ఉంటుంది. కలిసిన చోటుకి కింద మిగిలిన భాగం అంధనాళం, దానికి వేలాడేది ఉండుకం, మనందరం అపెండిక్స్ అనేది. అక్కడ్నుంచి పేగు కుడిపక్కన పైకెక్కి, కాలేయం కింద మలుపు తిరిగి, పొట్టకి అడ్డంగా ఎడమవైపు వెళ్ళి, ప్లీహం దగ్గర రెండో మలుపు తిరిగి, ఎడమపక్కన కిందికి దిగి, సిగ్మాయిడ్ అనే వంకర దాటి పురీషనాళంలోకి వస్తుంది. మొత్తం కలిపి మీటరున్నర పొడవు, చిన్నపేగు దీనికి నాలుగు రెట్లు. వెడల్పు మొదట్లో ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది, సిగ్మాయిడ్ దగ్గరికి వచ్చేసరికి అందులో సగానికి తగ్గిపోతుంది. ఈ వెడల్పు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, కింద ప్రాణాల మీదికొచ్చే విషయం ఒకటి చెబుతాను, అప్పుడు కావాలి.

గోడ విషయానికొస్తే, చిన్నపేగుకి చుట్టూ పరుచుకుని ఉండే నిలువు కండరం ఇక్కడ మూడు పట్టీలుగా మారుతుంది. ఆ పట్టీలు పేగు కంటే పొట్టివి కాబట్టి అది ముడుచుకుని వరసగా అరలు అరలుగా కనిపిస్తుంది. ఒక్కో అర నెమ్మదిగా బిగుసుకుని వదులుతూ లోపలున్నదాన్ని అటూ ఇటూ తిప్పుతుంది, అలా తిప్పినప్పుడే ప్రతి ముద్దా గోడకి తగిలి దాంట్లోని నీళ్ళు లోపలికి వెళ్ళేది. లోపలి పొరకి చిన్నపేగులో లాగా వేళ్ళలాంటి చూషకాలు ఉండవు, చదునుగా ఉండి సన్నని గుంటలు మాత్రం ఉంటాయి. ఆ గుంటల నిండా జిగురు ఊరించే కణాలు. ఈ జిగురు రెండు పొరలు: గోడకి ఆనుకున్న పొర చిక్కగా ఉండి బ్యాక్టీరియాని దాదాపు రానివ్వదు, దాని మీది పొర వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా దాంట్లో కాపురం ఉంటుంది. గుంటల అడుగున కొత్త కణాలు పుట్టి పైకి జరుగుతూ, పాతవి రాలిపోతూ, వారం తిరక్కుండానే లోపలి పొర మొత్తం మారిపోతుంది.

వారంలో తానే రాలిపోయే గోడకి ఏళ్ళ నాటి మలం ఎలా అంటుకుని ఉంటుందో ఆ మెసేజీలు రాసేవాళ్ళే చెప్పాలి. కొలనోస్కోపీ చేసే డాక్టర్లు రోజూ కెమెరాతో చూసేది మెరుస్తున్న గులాబీరంగు గోడని. ఆ క్లీనింగ్ పొడులు, మాత్రలు వాడినవాళ్ళు "ఇదిగో నాకు పడిపోయింది" అని రబ్బరు పట్టీల్లాంటి వాటి ఫోటోలు పెడుతుంటారు కదా, ఆ పొడుల్లో ఇసబ్గోల్, బెంటొనైట్ మట్టి లాంటివి ఉంటాయి. నీళ్ళు తగిలితే ఉబ్బి, జిగురై, పేగు ఆకారంలోనే ముద్దకట్టి బయటికొస్తాయి. వాళ్ళు మింగిందే వాళ్ళు ఫోటో తీస్తున్నారు.

ఈ భయం మన దగ్గర పుట్టిందీ కాదు, కొత్తదీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ ఉండేవాడు. మలం ఆలస్యంగా కదిలితే అందులోంచి విషాలు ఒంటికెక్కుతాయని గట్టిగా నమ్మి, మలబద్ధకం ఉన్నవాళ్ళకి పెద్దపేగునే కోసి తీసేసేవాడు. ఆ కాలంలో పొట్ట కోయించుకోవడమంటే ఏమిటో ఊహించుకోండి. దాదాపు అదే రోజుల్లో పారిస్‌లో మెచ్నికాఫ్, 1908లో నోబెల్ అందుకున్న మహానుభావుడు, ముసలితనానికి మూలం పెద్దపేగులో కుళ్ళుతున్నదేనని చెప్పి పులిసిన పాలు తాగమని ప్రచారం చేశాడు. (పెరుగు మంచిదని తెల్లవాళ్ళకి చెప్పడానికి నోబెల్ గ్రహీత కావాల్సి వచ్చింది, మనకి అమ్మమ్మ చాలింది, అది వేరే సంగతి.) తర్వాత 1920ల్లో కొందరు తిక్క ప్రయోగమే చేశారు: మనుషుల పురీషనాళంలో దూది కూరి చూశారు. తలనొప్పి, ఒళ్ళు బరువు, చిరాకు, అచ్చం మలబద్ధకంలో వచ్చేవన్నీ వచ్చాయి. దూది తీసేయగానే పోయాయి. దూదిలో విషం ఏముంటుంది? లోపల ఒత్తిడి పెరిగితే నరాలకి తెలిసే బాధ అది. కాబట్టి ఎనిమా చేయించుకుని వచ్చి "ఎంత తేలిగ్గా ఉందో" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, తేలిక నిజమే, వాళ్ళు చెప్పే కారణమే తప్పు.

ఇక నీళ్ళ సంగతి. మనం తాగింది, తిన్నదాంట్లో ఉన్నది కలిపి రోజుకి రెండు లీటర్లు అనుకుంటే, లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసాలు కలిపి ఒంట్లోంచే ఇంకో ఏడు లీటర్లు చిన్నపేగులోకి చేరతాయి. అందులో ఎక్కువ భాగం చిన్నపేగే వెనక్కి లాగేసుకుని, లీటరున్నర దాకా పెద్దపేగుకి అప్పజెబుతుంది. చివరికి బయటికి పోయేది నూటయాభై మిల్లీలీటర్ల చిల్లర. పెద్దపేగు నీటిని నేరుగా లాగదు, సోడియంని గోడలోంచి లోపలికి తోడుకుంటుంది, వాటి వెంట నీళ్ళు వస్తాయి. ఎంత తోడాలో చెప్పే హార్మోన్లలో ముఖ్యమైనది ఆల్డోస్టెరాన్. మే నెలలో మన ఊళ్ళో ఉక్కపోత తెలిసిందే, జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణామార్కెట్ దాకా నడిస్తే చొక్కా పిండుకోవచ్చు. చెమటలో ఉప్పు, నీళ్ళు పోయేకొద్దీ ఆల్డోస్టెరాన్ పెరుగుతుంది, అది మూత్రపిండాలతో పాటు పెద్దపేగుకి కూడా "ఉప్పు వదలకు" అని చెబుతుంది. పేగు మాట వింటుంది. మలం గట్టిపడుతుంది. "వేడి చేసింది" అని మన పెద్దవాళ్ళు అనేదాంట్లో ఈ మాత్రం నిజం ఉంది, మజ్జిగలో ఉప్పేసి ఇవ్వడంలోనూ ఉంది. అలాంటి వేసవిలో, అదీ బీపీకి నీరు పోయే మాత్రలు వాడే అరవై ఏళ్ళ మనిషి, డిటాక్స్ పేరుతో వరసగా విరేచనాలు చేయించుకుంటే ఒంట్లో పొటాషియం ఎంత పడిపోతుందో, గుండె లయ ఎలా తప్పుతుందో ఆ ప్యాకేజీ అమ్మేవాడికి తెలుసో లేదో.

అసలు విషయం బ్యాక్టీరియా. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం, డెబ్భై కిలోల మగమనిషి ఒంట్లో సొంత కణాలు 30 లక్షల కోట్లయితే బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు. వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే, మొత్తం తూకం వేస్తే పావుకిలో కూడా రావు. ఎండిన మలంలో చాలా భాగం ఇవే, చచ్చినవీ బతికినవీ. మనకి జీర్ణం కాని పీచు చిన్నపేగంతా దాటుకుని వస్తే, ఆక్సిజన్ దాదాపు లేని ఆ చీకట్లో ఇవి దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. అందులో బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన తిండి, వాటి శక్తిలో 70 శాతం దాకా దాన్నుంచే వస్తుంది. మన ఒంట్లో మిగతా కణాలు చాలావరకు రక్తం తెచ్చిన గ్లూకోజు, కొవ్వుల మీద బతుకుతుంటే, ఇవి మాత్రం మనం అరిగించుకోలేక వదిలేసిన దాన్ని బ్యాక్టీరియా వండిపెడితే తింటాయి. పీచు రాకపోతే? ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పీచు ఆపేసేసరికి కొన్ని బ్యాక్టీరియా గోడమీది జిగురునే తినడం మొదలెట్టాయి. కాపలా పొర పల్చబడింది.

ఇప్పుడు మళ్ళీ ఆ రసాల బండి దగ్గరికి వెళ్దాం. గోధుమగడ్డి మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి, పచ్చని నీళ్ళు గ్లాసులో పోసి ఇస్తారు. పిప్పి పక్కనున్న బకెట్లో పడేస్తారు. పెద్దపేగుకి కావలసింది ఆ బకెట్లో ఉంది.

డెనిస్ బర్కిట్ అని ఐర్లండ్‌లో పుట్టిన సర్జన్, ఉగాండాలో చాలా ఏళ్ళు పనిచేశాడు. లండన్ ఆసుపత్రుల్లో రోజూ కనిపించే పేగు జబ్బులు అక్కడ పల్లెల్లో ఎందుకు కనిపించడం లేదా అని ఆలోచించి, చివరికి మనుషుల మలాన్ని తూచడం మొదలెట్టాడు. పరువు ప్రతిష్ఠలు చూసుకునే డాక్టరు చేసే పని కాదది. 1972లో సహచరులతో కలిసి లాన్సెట్ అనే వైద్యపత్రికలో లెక్కలు అచ్చేశాడు: పీచు ఎక్కువ తినే ఉగాండా పల్లెవాసుల మలం బ్రిటన్‌వాళ్ళ దానికంటే కొన్ని రెట్లు బరువు, ప్రయాణానికి పట్టే సమయం మాత్రం సగం. ఆయన చెప్పినదాంట్లో కొన్ని తర్వాత నిలబడలేదు, అన్ని రోగాలకీ పీచే మందు అన్నట్టు మాట్లాడాడు కొన్నాళ్ళు. కానీ మూల విషయం గట్టిపడుతూనే వచ్చింది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇరవైమంది ఆఫ్రికన్ అమెరికన్లకీ, ఇరవైమంది దక్షిణాఫ్రికా పల్లెవాళ్ళకీ రెండు వారాలు తిండి అటూ ఇటూ మార్చారు. పల్లె తిండికి మారిన అమెరికన్ల పేగులో బ్యుటిరేట్ పెరిగింది, గోడలో వాపు లక్షణాలు తగ్గాయి. బర్గర్లు, మాంసం తిన్న పల్లెవాళ్ళకి సరిగ్గా తిరగబడింది. రెండంటే రెండు వారాల్లో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలంటోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూస్తే, వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు, రాగుల్లో 11 గ్రాములు, రాజ్మాలో 16 దాటింది. మన చోళ్ళు, మన చింతపల్లి రాజ్మా. ఉత్తరాంధ్రలో పుట్టి, చోడి అంబలి తాగి పెరిగిన తరం పిల్లలు ఇవాళ పొద్దున్న మైదా పూరీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్ళీ తెల్లన్నమో బిర్యానీయో తిని, ఆదివారం పేగు క్లీన్ చేయించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నారు. సీతమ్మధార రైతుబజారుకో ఎంవీపీ కాలనీ రైతుబజారుకో వెళ్తే తోటకూర, బెండకాయ, పచ్చి అరటికాయ, బొబ్బర్లు, ఉలవలు, కాలంలో అయితే పనసపొట్టు, అన్నీ దొరుకుతాయి, డిటాక్స్ ప్యాకేజీ డబ్బులతో నెలంతా కూరలు వస్తాయి. రాత్రి మిగిలిన అన్నం చల్లారాక అందులో పిండి పదార్థం కొంత గట్టిపడి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది, చద్దన్నానికి ఆ మేలు కూడా ఉంది. కాకపోతే చద్దన్నం మహత్తు అంటూ మళ్ళీ ఇంకో మెసేజీ తయారుచేయకండి, ఆ పెరుగుదల కొద్దిపాటిదే.

పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాస్ వస్తుంది, "నాకు పడలేదు" అని మానేస్తారు చాలామంది. కొన్ని వారాలు మెల్లగా పెంచుకుంటూ పోవాలి, నీళ్ళు తాగాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి పది పదిహేనుసార్లు గ్యాస్ పోవడం మామూలే. అందులో చాలావరకు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, కొందరికి మీథేన్, వీటికి వాసనే లేదు. పరువు తీసేది ఒక శాతం కూడా ఉండని గంధకం వాయువులు.

బ్యాక్టీరియా విలువ ఏమిటో 2013లో నెదర్లాండ్స్ వైద్యులు చూపించినంత సూటిగా ఇంకెవరూ చూపించలేదనుకుంటాను. యాంటీబయాటిక్స్ వాడాక పేగు బ్యాక్టీరియా చచ్చి, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే మొండిది పెరిగి, మళ్ళీ మళ్ళీ విరేచనాలతో చిక్కి శల్యమైపోయేవాళ్ళుంటారు. వాళ్ళకి ఆరోగ్యవంతుల మలాన్ని నీళ్ళలో కలిపి, వడకట్టి, గొట్టం ద్వారా పేగులోకి ఎక్కించారు. 16 మందిలో 13 మందికి మొదటిసారికే తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. అంటే ఒకరు కడిగించుకుని పారబోసేది ఇంకొకరికి ప్రాణం నిలిపే మందు.

"నేచురల్" చూర్ణాల గురించి కూడా ఒక మాట. మలబద్ధకానికి అమ్మే పొడుల్లో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది, సెన్నా అంటే అదే. అది నేరుగా పనిచేయదు, పెద్దపేగు బ్యాక్టీరియా దాన్ని విడగొడితేనే మందు అవుతుంది, అప్పుడు పేగు కండరాన్ని రెచ్చగొట్టి నీళ్ళు లాగకుండా చేస్తుంది. అప్పుడప్పుడూ వాడితే ఫర్వాలేదు. ఏళ్ళ తరబడి రోజూ వాడేవాళ్ళ పేగు గోడ కొలనోస్కోపీలో గోధుమరంగు, నల్లరంగు మచ్చలతో కనిపిస్తుంది. అదేమీ ప్రమాదం కాదంటారు, వాడకం మానేస్తే నెలల్లో పోతుంది, కానీ శుభ్రం చేస్తుందన్న పొడి గోడకి రంగేయడం చూస్తే నవ్వొస్తుంది.

ఇంకో విషయం, ఇది మా కాలేజీల గురించి. పెద్దపేగులో రోజంతా చిన్న కదలికలే ఉంటాయి, రోజుకి రెండు మూడుసార్లు మాత్రం పెద్ద తోపు ఒకటి వచ్చి ఉన్నదాన్ని ఒక్కసారిగా చివరికి నెడుతుంది. అది ఎక్కువగా నిద్ర లేచాక, టిఫిన్ తిన్నాక వస్తుంది, పొట్ట నిండగానే పెద్దపేగుకి కబురు వెళ్ళే ఏర్పాటు ఒంట్లో ఉంది. కాఫీ కొందరికి నిమిషాల్లోనే పనిచేస్తుంది, కెఫీన్ తీసేసిన కాఫీ కూడా. రాత్రి పేగు కూడా చాలావరకు నిద్రపోతుంది, అందుకే స్టీల్‌ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగేవాళ్ళు కడుపు కుదురుగా లేదని అంటే నాకు ఆశ్చర్యం వేయదు. పురీషనాళంలోకి ముద్ద చేరి గోడ సాగితే మనకి తెలుస్తుంది, లోపలి కండరపు కట్టు దానంతటదే వదులవుతుంది, బయటి కట్టు మాత్రం మన అదుపులో ఉంటుంది. బిగబడితే కాసేపటికి ఆ కోరిక పోతుంది. ముద్ద మాత్రం అక్కడే ఉంటుంది, పేగు తన పని తాను చేస్తూ ఇంకా నీళ్ళు లాగుతుంది.

ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగే ఆడపిల్లలు ఏం చేస్తారో మీరే ఆలోచించండి. పొద్దున్న తోపు వచ్చే టైముకి బస్సులో ఉంటారు. కాలేజీలో బాత్రూముకి వెళ్ళడానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు. నేను పనిచేసిన ఒక చోట మూడొందల మంది ఆడపిల్లలకి పనిచేసే గొళ్ళెం ఉన్న తలుపులు రెండు. పదిహేడేళ్ళ పిల్ల మొలలతో బాధపడుతోందంటే ఆ పిల్ల పేగుని తప్పుపట్టి చూర్ణం కొనిపెడతారు తల్లిదండ్రులు. గొళ్ళెం పెట్టించమని ఒక్కరూ మేనేజ్‌మెంట్‌ని అడగరు. ర్యాంకుల గురించి అడగడానికి మాత్రం లైను కడతారు.

వెస్టర్న్ కమోడ్ మీద నాకు పగేం లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది వరం. కాకపోతే పురీషనాళం చివర ఒక కండరం ఉచ్చులా చుట్టుకుని దాన్ని ముందుకు లాగి వంకర పెట్టి ఉంచుతుంది, గొంతుక్కూర్చుంటే ఆ వంకర బాగా తిన్ననవుతుంది. కమోడ్ మీద కూర్చునేవాళ్ళు కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే చాలావరకు అదే జరుగుతుంది. వంద రూపాయల పీట.

వెడల్పు సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. కుడివైపు పెద్దపేగు వెడల్పు, అక్కడికి వచ్చేది ఇంకా జావలా పల్చగా ఉంటుంది. అక్కడ కణితి పెరిగితే చాలాకాలం అడ్డం పడదు, నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, మోషన్ మామూలుగానే అవుతుండొచ్చు. కొద్దికొద్దిగా రక్తం కారుతుంది, అది మలంలో కలిసిపోయి కంటికి కనపడదు. మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం. యాభై దాటిన మగవాడికి, నెలసరి ఆగిన ఆడమనిషికి రక్తం తగ్గిందంటే ఐరన్ టానిక్ రాసి పంపించడం సగం వైద్యమే, ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి. ఎడమవైపు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పేగు ఇరుకు, మలం గట్టిది, కాబట్టి కణితి ఉంటే దారి మూసుకుంటుంది, అలవాటు మారుతుంది, సన్నగా వస్తుంది, రక్తం ఎర్రగా కనిపిస్తుంది. కనిపించినా లాభం లేకుండా పోయేది ఇక్కడే, ఎందుకంటే ఎర్రగా కనిపించిన ప్రతి రక్తానికీ మన దగ్గర ఒకే పేరు, మొలలు.

మా మావయ్య అదే చేశాడు. ఆరేడు నెలలు రక్తం పడుతుంటే "మొలలేరా, వేడి చేసింది" అన్నాడు. గోడల మీద "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అని రాసి ఉంటుందే, అలాంటి చోటికి వెళ్ళి ఏదో ఇంజెక్షన్ చేయించుకున్నాడు, పథ్యం చేశాడు. అత్త గట్టిగా పోరితే చివరికి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మొలలు నిజంగానే ఉన్నాయి, అవి ఈ వయసులో చాలామందికి ఉంటాయి. వాటికి పైన, సిగ్మాయిడ్‌లో, ఒక పాలిప్, అంటే లోపలి పొర మీద మొలిచే చిన్న బుడిపె, కూడా ఉంది. మొలలు ఉన్నంత మాత్రాన రక్తం వాటిదేనని గ్యారంటీ లేదు, నేను ఇంత రాసిందీ ఈ ఒక్క ముక్క కోసమే అనుకున్నా ఫర్వాలేదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది, అన్నీ మారవు కూడా. మధ్యలో పట్టుకుంటే అక్కడితో సరి. ప్రపంచంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇది మూడోది, చంపేవాటిలో రెండోది, అయినా ముందే దొరకబుచ్చుకోవడానికి ఇంత టైమిచ్చే క్యాన్సర్లు తక్కువ. అమెరికాలో 2021 నుంచి పరీక్ష మొదలుపెట్టే వయసుని యాభై నుంచి నలభై ఐదుకి తగ్గించారు, చిన్న వయసువాళ్ళలో కేసులు పెరుగుతున్నాయని. మన ప్రభుత్వ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకే, పెద్దపేగు అందులో లేదు. అంటే ఎవరికి వాళ్ళే అడిగి చేయించుకోవాలి. విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఊళ్ళో ప్రైవేటువి లెక్కలేనన్ని.

పెద్దపేగుని నిజంగా కడగాల్సిన సందర్భం కొలనోస్కోపీ. దానికి ముందు రోజు సాయంత్రం కొంత, ఆ రోజు పొద్దున్న కొంత, మొత్తం రెండు మూడు లీటర్ల పీఈజీ ద్రావణం తాగిస్తారు. పీఈజీ పేగు పీల్చుకోలేని పదార్థం కాబట్టి తాగిన నీళ్ళు అలాగే కిందికి వచ్చేస్తాయి, లవణాలు సరితూగేలా కలుపుతారు కాబట్టి ఒంట్లో పొటాషియం తారుమారు కాదు. మావయ్య ఆ రాత్రంతా నన్నూ, డాక్టర్నీ, అత్తనీ వరసపెట్టి తిట్టాడు. తిట్టినా పూర్తిగా తాగాడు, అది ముఖ్యం, సగం తాగి వదిలేస్తే చిన్న పాలిప్‌లు మరుగున పడిపోతాయి. పాలిప్‌ని వైరు ఉచ్చుతో కోసి అప్పుడే తీసేశారు. మత్తు దిగాక "కోసేటప్పుడు తెలియలేదేంట్రా" అని అడిగాడు. మత్తు ఒక్కటే కారణం కాదు, పేగు లోపలి పొరకి కోత తెలియదు, గోడ సాగితేనే నొప్పి. గ్యాస్ పట్టేస్తే మెలికలు తిరిగిపోతాం గానీ పాలిప్ ఏళ్ళ తరబడి పెరుగుతున్నా ఏమీ తెలియదు.

రిపోర్టు చూసి మావయ్యని మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. ఆయన కొడుకులిద్దరికీ నలభై నిండేసరికి ఒకసారి చేయించమన్నారు. పెద్దవాడికి నిండాయి. అడిగితే "చూద్దాం బావా, ఈ నెల బిజీ" అంటున్నాడు.